చెంచాడు నూనె

రోహిణి కార్తె ఇంకా రాలేదు. రోళ్లు పగిలే ఎండ మాత్రం ముందే దిగింది. పొదిలి దాటి దర్శి రోడ్డున కొంత దూరం పోయి మట్టిబాటలోకి తిరిగితే, పొగాకు బ్యారన్ పక్కన ఒక రైతు కళ్లం ఉంది. క్యూరింగ్ అయిపోయి బ్యారన్ పొయ్యి చల్లారింది. బేళ్లు ఒక్కొక్క విడతగా పొదిలి వేలం కేంద్రానికి వెళ్తున్నాయి. ఈ మధ్యాహ్నం మనం నిలబడాల్సింది ఆ కళ్లంలోనే. వేపచెట్టు నీడ ఉంది గానీ, అది మనుషుల వరకే సరిపోతుంది. ట్రాక్టరు ఎండలోనే ఉంది.

కళ్లంలో ఒక పక్క సుబాబుల్ కర్ర పేర్చి ఉంది. ఇంకో పక్క చేలో పీకి తెచ్చిన పత్తికట్టె. గొడ్లచావిడి వెనక పెంటదిబ్బ. ఈ మూడింటినీ ఎత్తాల్సింది ఒకటే బండి, ముందు లోడర్ బిగించిన ట్రాక్టరు. పొద్దుటి నుంచీ అది బకెట్‌తో ఎరువు ఎత్తి ట్రక్కుల్లో పోస్తూనే ఉంది. ఒకప్పుడు నలుగురు మనుషులు గంపలతో పొద్దస్తమానం మోసిన దిబ్బ, అన్నాల వేళకే సగం కరిగింది. ఇప్పుడు బకెట్ విప్పి దాని స్థానంలో కర్ర పట్టే గ్రాబు తగిలించాలి. సాయంత్రం లారీ వస్తుందని కబురు.

గ్రాబు బ్యారన్ గోడ వారన పడి ఉంది. కింద నాలుగు ఇనుప ముళ్లు, పైన వాటి మీదికి మూసుకునే పంజా, పంజాను ఆడించే జాకీ ఒకటి. జాకీ నుంచి రెండు నల్ల హోసు పైపులు బయటికొచ్చి మట్టిలో పడి ఉన్నాయి. పోయిన నెల ఎవరో హడావుడిలో విప్పినప్పుడు, పంజా ఒక సుబాబుల్ మొద్దును కరిచి పట్టుకునే ఉంది. ఆ మొద్దు ఇప్పటికీ అట్లాగే ఉంది. తొక్క ఎండి రాలిపోయింది గానీ పట్టు వదల్లేదు. ఆ మొద్దును గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి తంటా అంతా దాని దగ్గరే ఉంది.

డ్రైవర్ కుర్రవాడు. బండిని ముందుకీ వెనక్కీ ఆడించి, లోడర్ చేతుల్ని గ్రాబు కొక్కేల కిందికి పోనిచ్చి, పిన్నులు దించేశాడు. చెయ్యి తిరిగిన పనే. దిగి, మొదటి పైపు చివర మట్టిని చొక్కా అంచుతో తుడిచి, బండి మీద ఉన్న కప్లింగ్ కాలర్ వెనక్కి లాగి, లోపలికి నొక్కాడు. టక్ మని పడింది. రెండో పైపు తీసుకున్నాడు. నొక్కాడు. పడలేదు. కాలు దన్ను పెట్టి నొక్కాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ పైపు కదల్లేదు.

"ఒకటి ఎక్కింది బాబాయ్. రెండోది ఎక్కట్లా."

"గట్టిగా తొయ్యరా."

"తోస్తానే ఉండా. లోపల ఏందో అడ్డంబడ్డట్టుంది."

రైతు లేచొచ్చి తనూ ఒక చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి నొక్కినా అంతే. కుర్రవాడు పైపు చివర కళ్ల ముందుకు తెచ్చుకుని చూస్తున్నాడు. మనమూ వంగి చూద్దాం. ఇత్తడిరంగు తేలిన ఉక్కు ముక్క, బొటనవేలంత లావు, చుట్టూ ఒక గాడి. నడిమధ్యలో చిన్న గుండ్రటి బొడిపె. ఆ బొడిపే వాల్వు. వెనక స్ప్రింగు ఉంటుంది. పైపు విడిగా ఉన్నప్పుడు అది ముందుకొచ్చి దారి మూసేస్తుంది, అందుకే నూనె కారదు. బండి వైపు కప్లింగ్‌లోనూ అట్లాంటిదే ఇంకోటి ఉంటుంది. రెండింటినీ ఎదురెదురుగా నొక్కితే, ఒక బొడిపె ఇంకోదాన్ని వెనక్కి తోసి రెండు దారులూ తెరుచుకుంటాయి. కాలర్ లోపలి చిన్న ఉక్కు గుండ్లు గాడిలో పడి పట్టేస్తాయి. మనం విన్న టక్ చప్పుడు ఆ గుండ్లదే.

కుర్రవాడు బొడిపె మీద బొటనవేలు ఆనించాడు. వేలితో నొక్కి చూద్దామని.

"వేలు తియ్యి!"

కేక వేసింది ట్రాక్టరు మేస్త్రి. పొదిలి నుంచి ఆయన మోపెడ్ మీద వచ్చి అప్పుడే స్టాండు వేస్తున్నాడు. స్టాండు సరిగా పడకుండానే బండి వదిలేసి వచ్చి, కుర్రవాడి మణికట్టు పట్టుకుని పక్కకు తీశాడు. కోపంగా కాదు. పాముపుట్టలో చెయ్యి పెట్టబోయే పిల్లవాణ్ని పట్టి ఆపినట్టు పట్టుకున్నాడు.

"ఆడ వేలు పెట్టమాక నాయనా. సుత్తి పెట్టినా పెట్టు గానీ వేలు పెట్టమాక. అసలు సుత్తీ పెట్టగూడదనుకో."

ఆయన మొదట పైపు ముట్టుకోలేదు. గ్రాబు చుట్టూ ఒకసారి తిరిగాడు. మొద్దును చూశాడు. జాకీ రాడ్డు ఎంత బయటికొచ్చి ఉందో చూశాడు. తర్వాత అడిగిన మాట ఒక్కటే.

"ప్రెజరు బండి వైపు ఉందా, గ్రాబు వైపు ఉందా?"

కుర్రవాడు బిక్కమొహం వేశాడు. ఎవరూ అతన్ని ఇంతకుముందు ఈ ప్రశ్న అడగలేదు. మన పల్లెల్లో ట్రాక్టరు నడపటం వచ్చినవాళ్లలో నూటికి తొంభై మందిని అడిగినా అదే జరుగుతుందని నా అనుమానం. పైపు ఎక్కకపోతే అందరికీ తెలిసిన మందు ఒకటే, లివర్లు అటూ ఇటూ ఊపటం. అది మంచి పనే. కానీ దానికి తగ్గేది బండి వైపు ఉన్న ఒత్తిడి మాత్రమే.

మేస్త్రి ముందు అదే చేయించాడు. లోడర్ చేతులు పూర్తిగా నేలకు ఆనాయా, బరువేదీ గాల్లో లేదుగా అని చూసుకున్నాడు. ఇంజను ఆపించాడు. తర్వాత సీట్లో కూర్చోబెట్టి ఒక్కో లివర్ ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు ఆడించమన్నాడు. రెండోసారికి లోడర్ చేతులు కిర్రుమని కాస్త సర్దుకున్నాయి. పంపు తిరగనప్పుడు లివర్ ఆడిస్తే, పైపుల్లో నిలబడి ఉన్న నూనెకు ట్యాంకు దారి తెరుచుకుంటుంది. అంతే, అటువైపు నూనె చచ్చుబడిపోతుంది. ఆయన శుభ్రమైన చెక్కముక్క ఒకటి తీసి బండి వైపు కప్లింగ్‌లోని బొడిపె మీద పెట్టి నొక్కాడు. సులువుగా లోపలికి పోయింది.

"చూశావా? ఈడ లేదు. ఉంటే గింటే ఆడే ఉండాది."

ఆడ అంటే, పట్టు వదలని మొద్దుకూ ఎక్కని పైపుకూ మధ్య. పంజా మూసే వైపు నూనె మొద్దును నొక్కిపెట్టి ఉండగానే పైపు ఊడదీశారు. ఊడదీసిన క్షణాన బొడిపె ముందుకొచ్చి తలుపు వేసేసింది. లోపల ఉన్న ఒత్తిడి లోపలే ఉండిపోయింది. లివర్లు ఎన్నిసార్లు ఊపినా దాని దాకా చేరదు. ఆ నూనెకూ బండికీ మధ్య సంబంధమే లేదు. బయటి నుంచి మనం తలుపు తోస్తుంటే లోపల ఒక మనిషి వీపు ఆనించి నిలబడ్డట్టు ఉంటుంది ఈ వ్యవహారం.

ఆ లోపలి మనిషి ఎంత బలవంతుడో లెక్క వేయవచ్చు. 1 బార్ ఒత్తిడి అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు. ట్రాక్టరు వెనక టైరులో గాలి ఒకటి, ఒకటిన్నర బార్ ఉంటుంది. హైడ్రాలిక్ పంపు కొట్టే ఒత్తిడి 150 నుంచి 200 బార్ దాకా పోతుంది. పైపులో 100 బారే మిగిలిందనుకుందాం. వాల్వు మీద నూనె తోసే చోటు చదరపు సెంటీమీటరు ఉన్నా, దాన్ని వెనక్కి నెట్టాలంటే 100 కిలోల బలం కావాలి. ఒక నిండు వడ్ల బస్తాను మించిన బరువు, బొటనవేలంత చోట. తొయ్యరా అంటే తోసేది కాదు.

పైపు విప్పాక ఒత్తిడి అట్లాగే ఉంటే కొంత నయం. మన ఎండ దాన్ని ఉండనివ్వదు. గోడ వారన పడున్న హోసును ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. నల్ల రబ్బరు, పైన మే నెల సూర్యుడు. వేడెక్కిన నూనె ఉబ్బుతుంది, డిగ్రీకి దాదాపు పదివేలలో ఏడు వంతులు. వినటానికి ఎంత తక్కువ! కానీ ఉబ్బటానికి చోటు లేకుండా నాలుగు వైపులా ఇనుము బిగిస్తే, ఆ కాస్త ఉబ్బే డిగ్రీకి పది బార్ దాకా ఒత్తిడిగా మారుతుంది. రబ్బరు పైపు కొంచెం సాగుతుంది కాబట్టి అసలులో అంత పెరగదు. అయినా పొద్దున్నే తేలిగ్గా ఎక్కిన పైపు మధ్యాహ్నానికి మొరాయించటం ఈ ప్రాంతంలో ట్రాక్టరు ఉన్న ప్రతి ఇంట్లో చూసిందే. మొద్దు లేకపోయినా, ఒట్టి ఎండ ఒక్కటే చాలు.

"ఆ మొద్దు కోసేస్తే పోద్ది గదా మేస్త్రీ? రంపం తెస్తా." రైతుది తొందర. లారీ వస్తుంది మరి.

"కోస్తే పోద్ది బాబాయ్. కోసినోడి చెయ్యి కూడా పోద్ది. కర్ర తెగిన క్షణాన పంజా పడిపోద్ది. "

ఆయన గోనెసంచులు అడిగాడు. గొడ్ల తొట్టిలో ముంచి తెచ్చిన రెండు తడి సంచులు జాకీ మీద ఒకటి, పైపుల మీద ఒకటి కప్పాడు. పైన తాటాకు చాప నీడ కట్టించాడు. నీళ్లు తగిలిన ఇనుము మీంచి ఆవిరి లేచింది. ఇక కాసేపు కూర్చోవాలి. ఎండ ఎక్కించిన ఒత్తిడిని నీళ్లే దించాలి. రైతు అసహనంగా బాట వైపు చూస్తున్నాడు. కుర్రవాడు బొటనవేలు చూసుకుంటున్నాడు.

ఆ బొటనవేలి గురించి చెప్పుకోవాల్సింది ఉంది. ఈ కాసేపు దానికే వాడుకుందాం.

కుర్రవాడు బొడిపె నొక్కగలిగి ఉంటే ఏమయ్యేది? 100 బార్ ఒత్తిడిలో ఉన్న నూనె వెంట్రుకంత సందు దొరికినా సెకనుకు 150 మీటర్ల వేగంతో బయటికి దూకగలదు. మనిషి చర్మం చీల్చుకుని పోవటానికి 7 బార్ దాకా చాలంటారు ఈ గాయాలు చూసిన డాక్టర్లు. ఆ నూనె వేలి కొసలో దూరితే బయట కనిపించేది చిన్న చుక్క మాత్రమే. రక్తం కూడా సరిగా రాదు. మొదట పెద్దగా నొప్పీ ఉండదు. అదే దాని మోసం. మనవాడు చెయ్యి దులుపుకుని, నోట్లో పెట్టి చప్పరించి, పని చేసుకుంటాడు. లోపల నూనె నరాల పక్కనుంచి, స్నాయువుల తొడుగుల వెంట అరచేతి దాకా పాకి ఉంటుంది. కొన్ని గంటలకు వేలు ఉబ్బి నల్లబడుతుంది. అప్పటికి ఆ వేలికి రక్తం అందటం లేదు.

వైద్య పత్రికల్లో ఇది పాత గాయమే. డీజిల్ ఇంజన్ నుంచి ఇంధనం ఒత్తిడితో శరీరంలోకి దూరిన సంగతి 1937లోనే అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయింది. అప్పటి నుంచీ డాక్టర్లు చెబుతున్నది ఒకటే. ఇది కట్టు కట్టి, ఇంజక్షన్ వేసి పంపే గాయం కాదు. ఆపరేషన్ థియేటర్లో చెయ్యి తెరిచి, నూనెను కడిగి, చచ్చిన కండ తీసేయాల్సిన గాయం. ఆరు గంటలు దాటితే వేలు పోయే ప్రమాదం బాగా పెరుగుతుంది. పొదిలి నుంచి ఒంగోలు యాభై కిలోమీటర్ల దూరం, చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల మధ్య నుంచి. ఆ దారి పట్టటానికి రాత్రి దాకా ఆగకూడదు. అక్కడ "ఏదో గుచ్చుకుందండీ" అనీ చెప్పకూడదు. "హైడ్రాలిక్ ఆయిల్ ప్రెజరుతో లోపలికి కొట్టింది" అని ఆ మాటలతోనే చెప్పాలి. కుర్రాళ్లకు డ్రైవింగ్ నేర్పేవాళ్లు ఈ ఒక్క వాక్యాన్నైనా నేర్పాలని నా కోరిక. చుక్కంత గాయం చూసి వరసలో వెనక్కి పంపేస్తారేమోనన్న భయంతో చెబుతున్నా.

మేస్త్రి ఇదంతా ఇన్ని మాటల్లో చెప్పలేదు. వేపచెట్టు మొదట్లో కూర్చుని చుట్ట ముట్టించి, ఎక్కడో చూస్తూ అన్నాడు:

"నూనె కారేటప్పుడు అది యాడ కారుతుండాదో చేత్తో తడిమి చూడమాక. అట్టముక్క పెట్టి చూడు. అట్ట చిరిగితే మళ్లా తెచ్చుకోవచ్చు."

హైడ్రాలిక్ పని అంతా ఒక పాత సంగతి మీద నిలబడింది. మూసి ఉంచిన ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని దిక్కులకూ అంతే పోతుందని పాస్కల్ 17వ శతాబ్దంలో తేల్చాడు. 1795లో జోసెఫ్ బ్రామా అనే ఇంగ్లిషు పనివాడు ఆ సూత్రంతో ప్రెస్సు చేసి పేటెంటు తీసుకున్నాడు. హారీ ఫెర్గూసన్ దాన్ని ట్రాక్టరు వెనక నాగలి ఎత్తే పనికి కుదిర్చాడు. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ పెట్టాక మాస్సీ ఫెర్గూసన్ బండ్లతో ఆయన పేరు మన చేలల్లోకీ వచ్చింది. మన దగ్గర హైడ్రాలిక్ అంటే చాలా ఏళ్లు ఆ వెనక చేతులే. తర్వాత జాకీ ట్రక్కు, ఇప్పుడు లోడరు, గ్రాబు. పని సులువైన కొద్దీ పైపులు ఎక్కువయ్యాయి, విప్పి తగిలించటాలు ఎక్కువయ్యాయి. నేర్పటం మాత్రం పెరగలేదు. లోడరుతో పాటు వచ్చే పుస్తకం ఇంగ్లిషులో ఉంటుంది. పాలిథిన్ కవరు కూడా విప్పకుండా సీటు కింద పెట్టెలో ఉంటుంది. ఆ పుస్తకంలో ఒత్తిడి దించే పద్ధతి రాసే ఉంటుంది. చదవాల్సినవాడి భాషలో రాయని పుస్తకం ఇచ్చి బాధ్యత తీరిందనుకోవటం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

సంచులు తీసి చూశారు. హోసు చల్లబడింది. మేస్త్రి పైపు చివరను తనకూ మనకూ దూరంగా, నేలకేసి తిప్పి పట్టుకుని, చెక్క మీద ఆనించి మెల్లగా నొక్కాడు. బొడిపె ఇంకా కదల్లేదు. తల ఊపాడు. ఎండది దిగింది గానీ మొద్దుది మిగిలే ఉంది.

ఇప్పుడు ఆయన రెండో ప్రశ్న వేశాడు. ఇది నాకు మొదటిదానికన్నా గొప్పగా అనిపించింది.

"నూనె వదిలితే ఏది కదులుద్దో చెప్పు."

కుర్రవాడు ఈసారి ఆలోచించాడు. గ్రాబు నేల మీదే ఉంది, ముళ్లు కదలవు. పట్టు సడలితే మొద్దు దొర్లవచ్చు. పంజా కాస్త పైకి సర్దుకోవచ్చు, లేదా బరువుకు కిందికి వాలవచ్చు. "మొద్దు ఇటు దొర్లుద్ది మేస్త్రీ." అన్నాడు. "మరి ఇటెందుకు నిలబడ్డావు?" కుర్రవాడు పక్కకు జరిగాడు. మొద్దుకు రెండు వైపులా రాళ్లు పెట్టారు. పంజా కింద ఒక చెక్క దిమ్మ తోశారు. రైతును వేపచెట్టు దగ్గరికి పంపారు. మనమూ నాలుగడుగులు వెనక్కి వెళ్దాం.

మేస్త్రి జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. వెల్డింగు షాపులో వాడే తెల్ల అద్దాలవి, ఒక పక్క గీతలు పడ్డాయి. చేతులకు తోలు తొడుగులు. జాకీకి పైపు బిగించిన నట్టు దగ్గర, చివరి కప్లింగ్ దగ్గర కాదు, గోనెగుడ్డ నాలుగు మడతలు వేసి కప్పాడు. కింద ఒక డబ్బా మూత పెట్టాడు. స్పానర్ పట్టించి, మొహం పక్కకు తిప్పుకుని, తను జాయింటుకు ఎదురుగా కాకుండా ఓరగా నిలబడి, నట్టును తిప్పటం మొదలుపెట్టాడు. తిప్పటం అనటం కూడా ఎక్కువే. స్పానర్ చివర ఒక వేలెడు కదిలిందేమో. ఆగాడు. విన్నాడు. ఇంకొంచెం.

స్ స్ మని సన్నటి చప్పుడు. గుడ్డ మీద ముదురు మరక విచ్చుకుంది. చప్పుడు వచ్చినంతసేపు ఆయన స్పానర్ కదపలేదు. తొందరపడేవాడు అక్కడే నట్టు మొత్తం ఊడదీస్తాడు. అప్పుడు పైపే చేతిలోంచి ఎగిరి కొడుతుంది. ఆయన నిలబడే ఉన్నాడు. పంజా టిక్కుమంది. మొద్దు ఒక వెంట్రుకవాసి దొర్లి రాయికి ఆనింది. చప్పుడు ఆగిపోయింది.

గుడ్డ తీశాడు. మూతలో పడ్డ నూనె అడుగు కూడా నిండలేదు. గుడ్డ పీల్చుకున్నదాన్ని కలిపినా రెండు చెంచాలకు మించదు.

కుర్రవాడికి నమ్మకం కలగలేదు. "ఇంతేనా మేస్త్రీ? ఇంత కోసమా ఇద్దరం కలిసి తోసినా పోలా?"

ఇంతే. నూనె గాలి లాంటిది కాదు. టైరులో గాలి వదిలితే చాలాసేపు వస్తూనే ఉంటుంది, ఎందుకంటే గాలి ఎంతో నలిగి ఇమిడి ఉంటుంది. నూనె దాదాపు నలగదు. లీటరు నూనెను 100 బార్‌తో నొక్కితే అది తగ్గేది ఆరేడు మిల్లీలీటర్లు, చెంచాడు పైన కాస్త. పైపు సాగినందుకు ఇంకొంచెం కలుపుకోండి. ఆ కాస్త బయటికొస్తే చాలు, 100 బార్లూ మాయం. అందుకే ఇది బాంబులా పేలదు. అందుకే మనుషులకు భయం కూడా లేదు. ప్రమాదమంతా ఆ మొదటి చెంచాడులోనే ఉంది. అది గోనెగుడ్డలోకి పోతుందా వేల్లోకి పోతుందా అన్నదే తేడా.

ఇదే పనిని మేకు పెట్టి సుత్తితో బొడిపె మీద కొట్టి చేసేవాళ్లున్నారు. నేనూ చూశాను, మీరూ చూసే ఉంటారు. పని అయిపోతుంది, నిజమే. నూనె ఎటు చిమ్ముతుందో కొట్టినవాడికి తెలియదు. ఆ పైన బొడిపె అంచు మీద పడ్డ చిన్న గాటు ఇక జన్మలో సరిగా మూసుకోదు. ఆ రోజు నుంచి కప్లింగ్ చెమర్చటం మొదలవుతుంది. చెమర్చిన నూనెకు మన ఎర్రదుమ్ము అంటుకుంటుంది. దుమ్ము లోపలికి పోయి వాల్వును, పంపును అరగదీస్తుంది. ఒక మేకు దెబ్బ ఖరీదు రెండేళ్ల తర్వాత పంపు బిల్లులో కనపడుతుంది, అప్పటికి ఎవరికీ ఆ మేకు గుర్తుండదు.

మేస్త్రి నట్టు మళ్లీ బిగించాడు. పైపు చివరను డీజిల్‌లో ముంచిన గుడ్డతో తుడిచాడు, చొక్కా అంచుతో కాదు. గాడిలో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకాడు. బండి వైపు కప్లింగ్ లోపలా తుడిచాడు. పైపును కుర్రవాడి చేతికిచ్చాడు.

"ఇప్పుడు పెట్టు."

కాలర్ లాగి పెట్టాడు. ఒక్క చేత్తో పెట్టాడు. టక్.

పైపు పట్టిందో లేదో ఒకసారి వెనక్కి లాగి చూసుకోమన్నాడు మేస్త్రి. లాగి చూశాడు. ఇంజను స్టార్ట్ చేశాడు. చెక్క దిమ్మ, రాళ్లు తీసి అందరూ పక్కకు జరిగాక లివర్ మెల్లగా కదిపాడు. పంజా తెరుచుకోలేదు. ఇంకా గట్టిగా మూసుకోబోయింది. పైపులు తారుమారయ్యాయి. ఇదీ మామూలే. ఇంజను ఆపి, లివర్లు ఆడించి, రెండూ మార్చి పెట్టారు. ఈసారి మార్చటానికి క్షణం పట్టలేదు, రెండు వైపులా నూనె చచ్చుబడి ఉంది కాబట్టి. మేస్త్రి ఒక పైపు చివర, దానికి సరిపోయే కప్లింగ్ మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాడు. పది రూపాయల టేపు ఇంట్లో ఉంటే ఈ గొడవే ఉండదు.

పంజా తెరుచుకుంది. నెల రోజులుగా పట్టులో ఉన్న మొద్దు ముళ్ల మీంచి జారి దొర్లిపోయింది. ఉత్తి పంజాను నాలుగైదుసార్లు తెరిచి మూయించాడు, పైపుల్లో చేరిన గాలి ట్యాంకుకు పోవటానికి. మొదట గతుకులు గతుకులుగా కదిలింది, తర్వాత నున్నగా. నట్టు దగ్గర, కప్లింగుల దగ్గర బీడీకట్టల పెట్టె అట్ట ఒకటి పట్టుకుని ఆడించి చూశాడు. అట్ట పొడిగానే ఉంది. ట్యాంకులో నూనె మట్టం చూశాడు. అయింది.

ఒత్తిడి ఉన్నా ఎక్కే కప్లింగులు బజారులో లేకపోలేదు. మొహం చదునుగా ఉండి దుమ్ము పట్టనివీ ఉన్నాయి. మామూలువాటికన్నా ఖరీదు ఎక్కువ. కొనగలిగినవాళ్లు కొనాలి, తప్పులేదు. కానీ ఆ కళ్లంలో నిలబడి చూశాక నాకు తోచింది వేరు. పైపు ఎక్కకపోవటం అనే కష్టం ఎక్కించే రోజున పుట్టదు. పోయిన నెల విప్పిన రోజున, ఎవరో లారీ తొందరలో మొద్దును వదిలించకుండా పైపు పీకిన క్షణాన పుట్టింది. తగిలించటం అందరూ నేర్పుతారు. విప్పటం నేర్పేవాళ్లు తక్కువ. నేర్పాల్సింది అదే.

మేస్త్రి వెళ్లిపోయాడు. లారీ ఆలస్యంగా వచ్చింది. పొద్దు గుంకేదాకా గ్రాబు కర్ర ఎత్తి పోస్తూనే ఉంది, బ్యారన్ గోడ మీద దాని నీడ పొడుగ్గా సాగుతూ. మేస్త్రి లేనప్పుడు కుర్రవాడు ఎట్లా విప్పుతాడో చూడాలని మనమూ ఆగాం.

లారీ వెళ్లాక అతను గ్రాబును ఈసారి గోడ వారన ఎండలోకి తీసుకుపోలేదు. బ్యారన్ వెనక చూరు కిందికి తెచ్చాడు. ముళ్లలో కర్ర ముక్క ఏదైనా మిగిలిందా అని దిగి చూసి, ఒక పుల్ల ఉంటే లాగేశాడు. ఉత్తి పంజాను ముళ్ల మీద ఊరికే వాలేట్టు దించాడు, నొక్కలేదు. లోడర్ చేతులు నేలకు ఆనించాడు. ఇంజను ఆపాడు. లివర్లు ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి ఆడించాడు. చెవి ఒగ్గి విన్నాడు. దిగి మొదటి కాలర్ లాగాడు, పైపు చేతిలోకొచ్చింది. రెండోది కూడా. చుక్క నూనె రాలలేదు. రెండు చివరలూ తుడిచి, మట్టిలో పడేయకుండా, జాకీ మీదుగా పైకి వేసి తాడుతో కట్టాడు. కట్టాక చివరల్ని చూస్తూ కాసేపు నిలబడ్డాడు.

"బాబాయ్, వీటికి రబ్బరు మూతలుంటాయంట. మేస్త్రి చెప్పాడు. మట్టి పోకుండా."

"యాడ దొరుకుతాయి?"

"పొదిల్లో హోసు పైపులు చేసే కొట్లో."

"రేపు వేలానికి పోతా గదా, వస్తా వస్తా తెస్తాలే. రెండు చాలా?"

కుర్రవాడు కళ్లం అవతల నిలబెట్టిన ట్రక్కు వైపు చూశాడు. దాని జాకీ పైపు నేల మీద పడి ఉంది.

"నాలుగు తే బాబాయ్. బండి వైపు కూడా లేవు. ట్రక్కుదానికొకటి, అయిదు."